పొటాషియం మందు వాడేవారు ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు

పొటాషియం మందు కూడా విటమిన్ మాత్రలాంటిదేనని, ఒంటికి కావలసినంత పట్టి మిగిలింది మూత్రంలో పోతుందని చాలామంది నమ్ముతారు. కిడ్నీలు చక్కగా పనిచేసే ఆరోగ్యవంతుడి విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిజమే. అయితే మందుల చీటీలో పొటాషియం రాయించుకునేవారిలో అధికులు అటువంటి ఆరోగ్యవంతులు కారు. వారికి ఏళ్ల తరబడి బీపీయో షుగరో ఉంటుంది, గుండె బలహీనంగా ఉండి కాళ్లకు నీరు పట్టి ఉంటుంది, రోజుకు ఐదారు రకాల మాత్రలు నడుస్తూ ఉంటాయి. అందువల్ల పొటాషియం ఒకరికి క్షేమమో కాదో సీసా చూసి చెప్పడం సాధ్యం కాదు. ఆ మనిషి కిడ్నీల స్థితి ఏమిటి, ఆయన వాడుతున్న మిగతా మందులేమిటి, మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు అన్న మూడు విషయాలు తెలిస్తేనే చెప్పగలం. ఈ మూడూ తెలియకుండా మొదటి మోతాదు తాగకూడదన్నదే ఇక్కడ చెప్పదలచిన ముఖ్యమైన మాట.

ఇంత పట్టింపు ఎందుకు

70 కిలోల బరువున్న మనిషి ఒంట్లో సుమారు 3,500 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం, ఒక్కొక్కటి 39 మిల్లీగ్రాములకు సమానం) పొటాషియం ఉంటుంది. అందులో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలోనూ, కణాల బయట ఉండే ఇతర ద్రవాలలోనూ కలిపి ఉండేది రెండు శాతమే, అంటే 60 నుంచి 70 మిల్లీ ఈక్వివలెంట్లు. రక్తపరీక్షలో లీటరుకు 3.5 నుంచి 5.0 వరకు సాధారణమని మనం చదివే అంకె ఈ కొద్దిపాటి భాగానికి సంబంధించినదే. గుండె కండరంలో విద్యుత్తు సక్రమంగా ప్రసరించాలంటే కణం లోపలి పొటాషియానికీ బయటి పొటాషియానికీ మధ్య ఉన్న ఈ పెద్ద తేడా నిలబడి ఉండాలి.

మన దేశంలో దొరికే పొటాషియం క్లోరైడ్ ద్రావణాలలో సాధారణంగా 15 మిల్లీలీటర్లకు 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. కణాల బయట ఉన్న మొత్తం పొటాషియంలో ఇది దాదాపు మూడో వంతు. అంత మోతాదు ఒక్కసారిగా తీసుకున్నా రక్తంలో అంకె అమాంతం పెరగకపోవడానికి కారణం, భోజనం తరువాత విడుదలయ్యే ఇన్సులిన్ దానిని కణాలలోకి నెట్టడం, ఆ తరువాత కొన్ని గంటలలో కిడ్నీలు అదనపు భాగాన్ని బయటకు పంపడం. ఒంట్లోంచి బయటకు పోయే పొటాషియంలో సుమారు 90 శాతం మూత్రం ద్వారానే పోతుంది. కిడ్నీలు మందగించినా, వాటికి ఈ పని అప్పగించే ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును మరేదైనా మందు అడ్డుకున్నా, ప్రతి మోతాదులోనూ కొంత మిగిలిపోతూ రోజురోజుకూ పోగుపడుతుంది. అలా పోగుపడుతున్నప్పుడు నొప్పి గాని జ్వరం గాని రావు. కొందరిలో గుండె లయ తప్పేదాకా ఏ సూచనా కనిపించదు.

అసలు ఈ మందు అవసరమేనా

పిక్కలు పట్టేస్తున్నాయని, నీరసంగా ఉందని, ఎండకు చెమట ఎక్కువగా పోతోందని, పరీక్ష లేకుండా పొటాషియం కొని తాగడం ఎంతమాత్రమూ తగదు. పిక్కలు పట్టడానికి కారణాలు ఎన్నో ఉన్నాయి, వాటిలో పొటాషియం లోపం ఒకటి మాత్రమే. పెద్దలకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం ఆహారం ద్వారా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పప్పు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, పెరుగు రోజూ తినే మనిషికి, కిడ్నీ జబ్బు లేనట్లయితే, వాటి ద్వారానే ఇది సమకూరుతుంది. ఆహారంలోని పొటాషియం నెమ్మదిగా, ఇతర పదార్థాలతో కలిసి ఒంటికి పడుతుంది. మందులోది చిక్కగా, ఒక్కసారిగా చేరుతుంది.

అలాగని వైద్యులు రాసిన పొటాషియాన్ని భయపడి మానేయడం కూడా అంతే ప్రమాదకరం. లాసిక్స్ (ఫ్యూరోసెమైడ్), టోర్సెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు వాడేవారికి, వాంతులూ విరేచనాలూ తీవ్రంగా అయినవారికి పొటాషియం పడిపోతుంది. అంకె 3.0 కన్నా తగ్గితే ఒళ్లు నిస్సత్తువ అవుతుంది, 2.5 కన్నా తగ్గితే కండరాలు చచ్చుబడవచ్చు, గుండె లయ తప్పవచ్చు. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవారికి పొటాషియం కొద్దిగా తగ్గినా ఆ మందు విషంలా పనిచేసే అవకాశం ఉంది. ఇటువంటివారికి పొటాషియం ప్రాణం కాపాడే మందే.

అయితే లోపం ఎందుకు వచ్చిందో తేల్చకుండా సిరప్ పోస్తూ పోతే ప్రయోజనం ఉండదు. మెగ్నీషియం తక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, కాబట్టి ఎంత ఇచ్చినా అంకె పెరగదు. ఎన్ని రోజులు వాడినా పొటాషియం పెరగడం లేదంటే మెగ్నీషియం పరీక్ష చేయించారా అని వైద్యులను అడగాలి. దగ్గుకనీ గొంతుకనీ అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకునేవారికి బీపీ పెరిగి పొటాషియం తగ్గుతుంది. అక్కడ ముందు మానవలసింది అతిమధురం. ఇంట్లో వాడే చూర్ణాలు, కషాయాలు మందులు కావని భావించి వైద్యులకు చెప్పకపోవడం మన ఇళ్లలో మామూలు, కానీ ఈ సందర్భంలో అవి తప్పక చెప్పాలి.

మరో సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాత్రి విందు భోజనం చేసి పడుకున్న యువకుడు తెల్లవారేసరికి కాళ్లు కదపలేకపోవడం, ఆసుపత్రిలో చూస్తే పొటాషియం రెండుకు అటూఇటూ ఉండడం జరుగుతుంటుంది. ఆసియా దేశాల మగవారిలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల ఇటువంటి తాత్కాలిక పక్షవాతం వస్తుందని వైద్యులకు బాగా తెలుసు. ఇక్కడ పొటాషియం ఒంట్లోంచి పోలేదు, తాత్కాలికంగా కణాలలోకి వెళ్లిపోయింది. కొన్ని గంటల తరువాత అదంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆలోగా ఇంట్లోనే సీసాడు సిరప్ తాగిస్తే, కాళ్లు కదిలే సమయానికి గుండె ప్రమాదంలో పడుతుంది. ఈ వైద్యం ఈసీజీ చూస్తూ ఆసుపత్రిలోనే జరగాలి, థైరాయిడ్ పరీక్షా చేయించాలి.

మొదటి మోతాదుకు ముందు

కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఇటీవల చేయించుకోకపోతే ముందు అది చేయించుకోవాలి. రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూసి తృప్తి పడకూడదు, దానితోపాటు ఉండే ఈజీఎఫ్‌ఆర్ అంకె, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏ మేరకు వడపోస్తున్నాయో చెప్పే అంచనా, చూడాలి. క్రియాటినిన్ 1.2 అన్నది పాతికేళ్ల యువకుడికీ, 75 ఏళ్ల వృద్ధురాలికీ ఒకే అర్థం ఇవ్వదు. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆ యువకుడి ఈజీఎఫ్‌ఆర్ సుమారు 86 వస్తుంది, ఆ పెద్దావిడకు 47 వస్తుంది. అంటే ఆమె కిడ్నీల సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ఉన్నా, క్రియాటినిన్ అంకె చూసినవారికి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ 60 కన్నా తక్కువగా ఉంటే పొటాషియం మోతాదు గురించి వైద్యులతో మళ్లీ మాట్లాడాలి. 30 కన్నా తక్కువగా ఉంటే కిడ్నీ వైద్యులు స్వయంగా చూసి చెప్పనిదే తీసుకోకూడదు. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారిలో కొందరికి ఈజీఎఫ్‌ఆర్ మరీ తగ్గకముందే పొటాషియం పెరిగే స్వభావం ఉంటుంది కనుక వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో షుగరు గాని బీపీ గాని లేనివారికి కూడా కారణం తేలని కిడ్నీ జబ్బు వస్తున్న సంగతి తెలిసినదే. ఆ ప్రాంతంవారు ఎక్కడ స్థిరపడి ఉన్నా, తమకు ఏ జబ్బూ లేదన్న ధీమాతో పరీక్ష లేకుండా పొటాషియం వాడకూడదు.

తరువాత ఇంట్లోని మందుల డబ్బా అంతా బల్ల మీద పరచి, ఒక్కొక్క అట్ట వెనుక ఉన్న మందు పేరు చదవాలి. కంపెనీ పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది, మనకు కావలసిన పేరు దాని కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్ వంటి 'సార్టాన్' అని ముగిసే బీపీ మందులూ, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి 'ప్రిల్' అని ముగిసేవీ పొటాషియాన్ని ఒంట్లో నిలిపి ఉంచుతాయి. ఆల్డక్టోన్ పేరుతో తెలిసిన స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్ అంతకన్నా గట్టిగా నిలిపి ఉంచుతాయి. వీటిలో ఏదైనా ఉంటే, 'ఇది వాడుతున్నాను, అయినా పొటాషియం కావాలా?' అని వైద్యులను నేరుగా అడగాలి. కొన్ని మాత్రలలో లాసిక్స్, స్పైరనోలాక్టోన్ రెండూ కలిసే ఉంటాయి. నీరు తీసే మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి పొటాషియం తాగాలని వీరు తమంతట తాము తీర్మానించుకుంటే అది పొరపాటు.

ఈ జాగ్రత్త ఊహ మీద చెబుతున్నది కాదు. గుండె బలహీనతకు స్పైరనోలాక్టోన్ మేలు చేస్తుందని 1999లో ఒక పెద్ద పరిశోధన తేల్చాక, దాని వాడకం ఒక్కసారిగా పెరిగింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 'ప్రిల్' మందులు వాడుతున్న గుండె రోగులను గమనిస్తే, పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 ఉండగా 2001 నాటికి 11 అయ్యారని 2004లో ప్రచురించిన అధ్యయనం చూపింది. మందు మంచిదే. పరిశోధనలో రోగులను జాగ్రత్తగా ఎంచి, తరచు రక్తపరీక్షలు చేశారు. బయట వాడకంలో ఆ జాగ్రత్త సడలింది. మన ఇళ్లలోనూ ప్రమాదం వచ్చేది సరిగ్గా అక్కడే.

రోజూ వాడని మందుల మాట కూడా మరువకూడదు. మోకాళ్ల నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీలకు రక్తప్రసారం తగ్గించి పొటాషియాన్ని పెంచుతాయి. మూత్రంలో మంటకు ఇచ్చే సెప్ట్రాన్ మాత్రలోని ట్రైమెథోప్రిమ్ కూడా అంతే. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ కూడా ఈ కోవలోవే. 'సార్టాన్' మాత్రా, పొటాషియం సిరప్పూ వాడుతున్న వ్యక్తి నొప్పికో మంటకో నాలుగు మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుంటే, ఆ వారం రోజులే ఆయనకు అత్యంత ప్రమాదకరమైనవి కావచ్చు.

సీసా మీద ఏం చదవాలి

మోతాదు మిల్లీగ్రాములలో రాసి ఉంటే, అది పొటాషియం క్లోరైడ్ వంటి లవణం మొత్తం బరువో అందులోని పొటాషియం బరువో చూసుకోవాలి. ఒక గ్రాము పొటాషియం క్లోరైడ్‌లో పొటాషియం సుమారు 524 మిల్లీగ్రాములే, అంటే 13.4 మిల్లీ ఈక్వివలెంట్లు. 39 మిల్లీగ్రాముల పొటాషియం ఒక మిల్లీ ఈక్వివలెంట్‌కు సమానం. నెమ్మదిగా కరిగే 600 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్ మాత్రలో 8 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. అమెరికాలో చీటీ లేకుండా అమ్మే సప్లిమెంట్లలో సాధారణంగా మాత్రకు 99 మిల్లీగ్రాములకు మించి పొటాషియం ఉండదు, అంటే రెండున్నర మిల్లీ ఈక్వివలెంట్లు. అక్కడ ఉన్న పిల్లలు పంపిన ఆ డబ్బా వాడిన అనుభవంతో, ఇక్కడి సిరప్‌ను కూడా అంత తేలికైనదిగా భావించకూడదు. ఇక్కడి 15 మిల్లీలీటర్ల సిరప్ అక్కడి ఎనిమిది మాత్రలకు సమానం.

కిడ్నీలో రాళ్లకు ఇచ్చే సిరప్ గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు. వాటిలో చాలావాటిలో ఉండేది పొటాషియం సిట్రేట్. 5 మిల్లీలీటర్లకు 1,100 మిల్లీగ్రాముల పొటాషియం సిట్రేట్ అని రాసి ఉంటే అందులో సుమారు 10 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉన్నట్టు. రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాలు తాగేవారికి 60 చేరుతుంది. ఎప్పుడో రాసిన పాత చీటీ చూపించి నెలల తరబడి ఈ సిరప్ కొనుక్కునేవారు, అది కూడా పొటాషియం మందేనని గుర్తించి, ఇక్కడ చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ పాటించాలి.

చెంచా విషయంలో జరిగే పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది గాని దాని ఫలితం పెద్దది. చీటీలో రాసిన చెంచా టీ చెంచా అయితే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అయితే 15. మోతాదు మూడింతలు మారిపోతుంది. వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక కొలతలో ఉండవు. అందుచేత మోతాదును మిల్లీలీటర్లలోనే రాయమని అడగాలి, సీసాతో వచ్చే గీతల మూతతోనే కొలవాలి. ఆ మూతను బల్ల మీద ఉంచి, కంటికి సమానమైన ఎత్తులో చూస్తూ పోయాలి. చూపు మందగించిన పెద్దవారికి ఇంట్లో ఎవరో ఒకరు కొలిచి ఇవ్వడం మంచిది.

తీసుకునే పద్ధతి

సిరప్‌ను చిక్కగా ఉన్నది ఉన్నట్టుగా మింగితే కడుపులో మంట, వికారం, వాంతులు వస్తాయి. 15 మిల్లీలీటర్లను కనీసం అర గ్లాసు చల్లని నీటిలో కలిపి, భోజనం చేశాక, ఐదు పది నిమిషాలపాటు కొద్దికొద్దిగా గుటకలు వేస్తూ తాగాలి. రుచి బాగుండదని కొబ్బరినీళ్లలోనో బత్తాయి రసంలోనో కలుపుకోవద్దు, అవి తమవంతు పొటాషియం కలుపుతాయి. షుగరు ఉన్నవారు సిరప్‌లో చక్కెర ఉందో లేదో కూడా చూసుకోవాలి.

మాత్ర అయితే కూర్చుని గాని నిలబడి గాని నిండు గ్లాసు నీటితో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను నూరడం, విరవడం, నమలడం చేయరాదు. అలా చేస్తే గంటల తరబడి విడుదల కావలసిన మందు ఒక్కసారే విడుదలవుతుంది. అన్నవాహికలోనో పేగులోనో ఒకే చోట చిక్కుకుంటే అక్కడ పుండు పడుతుంది. మింగడం కష్టమైనవారికి, పక్షవాతం వచ్చినవారికి, ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి మాత్ర తగదు, ద్రవరూపం రాయమని అడగాలి. విరేచనంలో మాత్ర ఆకారం కనిపించిందని కంగారు పడనవసరం లేదు. మందు విడుదలైపోయాక మిగిలిన మైనపు గూడు అలా బయటకు రావచ్చు. నల్లటి విరేచనాలు, తీవ్రమైన కడుపునొప్పి వస్తే మాత్రం మందు ఆపి వెంటనే వైద్యులను కలవాలి.

ఒక పూట మరచిపోతే, గుర్తుకు వచ్చేసరికి తరువాతి మోతాదు సమయం దగ్గరపడి ఉంటే, మరచినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి తాగకూడదు. పిల్లలకు అందని ఎత్తులో సీసా ఉంచాలి. పెద్దవారికి మందయిన మోతాదు పసివారి ప్రాణం మీదికి తెస్తుంది.

మళ్లీ పరీక్ష ఎప్పుడు

పొటాషియం మొదలుపెట్టిన వారం లోపు, మోతాదు మార్చిన ప్రతిసారీ, పైన చెప్పిన బీపీ మందులలో ఏదైనా కొత్తగా చేరినా మోతాదు పెరిగినా ఒకటి రెండు వారాలలో, సీరం ఎలక్ట్రోలైట్స్ (రక్తంలోని సోడియం, పొటాషియం వంటి లవణాలు), క్రియాటినిన్ పరీక్షలు చేయించాలి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఇంకా ముందే చేయించమని వైద్యులు చెప్పవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చీటీలో 'ఐదు రోజులు' అని రాసిన సిరప్ రెండు నెలలు నడిచిన ఇళ్లు ఉంటాయి. సీసా అయిపోయింది, షాపులో అదే మళ్లీ ఇచ్చారు, తాగారు, అంతే. ఈ మందు ఏ తేదీన ఆపాలో, ఏ తేదీన పరీక్ష చేయించాలో చీటీ మీదే రాయించుకోవాలి. పొటాషియం రాసినది నీరు తీసే మాత్ర కోసమైతే, ఆ మాత్ర తగ్గించినప్పుడో ఆపినప్పుడో పొటాషియం సంగతేమిటని అడగడం మరువకూడదు. ఒకటి ఆగి రెండోది కొనసాగడం తరచు జరిగే పొరపాటు.

రక్తం తీసే విధానం వల్ల కూడా అంకె తప్పుగా ఎక్కువ రావచ్చు. చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచినా, పిడికిలి పదేపదే బిగించమన్నా, తీసిన రక్తం ల్యాబుకు చేరడానికి గంటలు పట్టినా, కండరాలలోంచో రక్తకణాలలోంచో పొటాషియం బయటకు వస్తుంది. ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లేవారిని ఎంతసేపటిలో ల్యాబుకు చేరుస్తారో అడగడం తప్పు కాదు. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి అంకె ఎక్కువ వచ్చినప్పుడు 'శాంపిల్ చెడిపోయి ఉంటుందిలే' అని ఇంట్లో కూర్చోకూడదు. ముందు ఈసీజీ తీయించుకుని, ఆ తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

అంకె 5.0 దాటితే తరువాతి మోతాదు తీసుకోకుండా వైద్యులకు ఫోన్ చేయాలి. 5.5 దాటితే ఆ రోజే చూపించుకోవాలి. 6.0 గాని అంతకుమించి గాని ఉంటే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా, ఈసీజీ, అత్యవసర వైద్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

ఉప్పు, కొబ్బరినీళ్లు, పులుసు

సోడియం తక్కువని అమ్మే ఉప్పులో సోడియం క్లోరైడ్‌కు బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 గ్రామాలలో దాదాపు 21,000 మందిపై జరిపి 2021లో ప్రచురించిన పరిశోధనలో, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు పక్షవాతాన్ని 14 శాతం తగ్గించింది. బీపీ ఉన్న చాలామందికి ఇది నిజంగా మేలు చేసే ఉప్పు. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారిని ఆ పరిశోధనలో చేర్చుకోలేదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ లోపం ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది. అటువంటి ఉప్పు 5 గ్రాములలో, అంటే సుమారు ఒక టీ చెంచాలో, 17 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. ఇది దాదాపు ఒక మోతాదు సిరప్‌తో సమానం. కోడలు అత్తగారి బీపీ కోసం మంచి మనసుతో ఉప్పు మార్చితే, అత్తగారు తాగుతున్న సిరప్ సంగతి కూడా అప్పుడే చూడాలి. సైంధవ లవణం, పింక్ సాల్ట్ అన్నవి ప్రధానంగా సోడియం క్లోరైడే కనుక వాటి లెక్క వేరు.

100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్ద బోండాంలో ఇది 600 మిల్లీగ్రాములు దాటవచ్చు. వేసవిలో ఆరోగ్యవంతులకు ఇంతకన్నా మంచి పానీయం ఉండకపోవచ్చు, కానీ పొటాషియం మందు వాడుతున్న కిడ్నీ రోగికి రోజుకు రెండు బోండాలు అదనపు మోతాదులతో సమానం. నోని రసం వంటి ఆరోగ్య పానీయాలలో కూడా గణనీయంగా పొటాషియం ఉంటుంది.

కూరగాయలను చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని కిడ్నీ రోగులకు చెబుతారు. మన వంటలో అసలు చిక్కు పులుసులోనూ పప్పుచారులోనూ ఉంది. ముక్కలలోంచి దిగిన పొటాషియం ఆ రసంలోనే ఉండిపోతుంది, దాన్ని అన్నంలో కలుపుకుని తింటాం. అందుచేత ముక్కలు విడిగా ఉడికించి నీరు వార్చిన తరువాతే పులుసులో వేయడం మేలు. కిడ్నీలు బాగున్నవారికి ఈ శ్రమ అక్కరలేదు.

వాంతులు, విరేచనాలు, వడదెబ్బ

ఇటువంటప్పుడు ఏం చేయాలో ముందుగానే వైద్యులను అడిగి ఉంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఇంటి తర్కం పనిచేయదు. విరేచనాలలో పొటాషియం పోతుంది కనుక ఇంకాస్త తాగాలని అనిపిస్తుంది. కానీ ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రం తగ్గితే, 'సార్టాన్', 'ప్రిల్' మందులు వాడుతున్నవారిలో కిడ్నీలు ఒకటి రెండు రోజులలోనే దెబ్బతిని పొటాషియం పెరగవచ్చు. మూత్రం బాగా తగ్గితే పొటాషియం సిరప్ ఆపి, అదే రోజు వైద్యులను సంప్రదించాలి. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు ఆ రోజుల్లో కొనసాగించాలో వద్దో వారే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంట్లో సెలైన్ పెట్టించుకునే అలవాటు మన పల్లెలలో ఇంకా ఉంది. పొటాషియం విషయంలో దీనికి ఎంతమాత్రమూ ఒప్పుకోకూడదు. 10 మిల్లీలీటర్ల పొటాషియం ఇంజెక్షన్ ఆంప్యూలులో (చిన్న గాజు సీసాలో) సాధారణంగా 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని నీటితో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆసుపత్రిలో కూడా దాన్ని సెలైన్‌లో కలిపి, సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండా ఎక్కిస్తారు, అంతకన్నా వేగంగా ఇవ్వవలసి వస్తే ఈసీజీ చూస్తూనే ఇస్తారు. ఆర్‌ఎంపీ ఎంత నమ్మకస్థుడైనా, ఈసీజీ లేని గదిలో ఆ పని చేయించకూడదు.

ఎప్పుడు పరుగెత్తాలి

పొటాషియం వాడుతున్న వ్యక్తికి కాళ్లు బరువెక్కి లేవలేకపోవడం, నోటి చుట్టూ లేదా చేతివేళ్లలో తిమ్మిరి, గుండె దడ లేదా నాడి మరీ నెమ్మదించడం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే, రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. పొటాషియం తగ్గినా పెరిగినా నిస్సత్తువే వస్తుంది కనుక, 'మళ్లీ తగ్గినట్టుంది, ఒక మోతాదు తాగించి చూద్దాం' అన్న ఆలోచన అప్పుడు రానివ్వకూడదు. సిరప్ సీసాను, వాడుతున్న మాత్రల అట్టలన్నింటినీ, ఉప్పు ప్యాకెట్‌ను కూడా ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకువెళ్లాలి. చివరి మోతాదు ఎన్ని గంటలకు, ఎన్ని మిల్లీలీటర్లు తీసుకున్నారో, మూత్రం చివరిసారి ఎప్పుడు పోశారో డ్యూటీ డాక్టరుకు మొదటే చెప్పాలి. ఈసీజీలో మార్పులు కనిపిస్తే వారు గుండెను కాపాడడానికి కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, పొటాషియాన్ని కణాలలోకి పంపడానికి గ్లూకోజ్‌తో ఇన్సులిన్, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఇస్తారు. ఇవి కొన్ని గంటల వ్యవధి మాత్రమే ఇస్తాయి, ఒంట్లోంచి పొటాషియం బయటకు పోవడానికి మూత్రం గాని, పేగులలో దాన్ని పట్టి బయటకు పంపే మందులు గాని, అవి చాలకపోతే డయాలసిస్ గాని అవసరమవుతాయి. అందువల్ల అంకె కాస్త దిగగానే ఇంటికి వెళతామని తొందరపెట్టకుండా, మళ్లీ పరీక్ష చేసి సరేనన్నాకే బయలుదేరాలి. ఆ డిశ్చార్జ్ కాగితంలో పొటాషియం సిరప్ ఆపివేసినట్టు స్పష్టంగా రాయించుకుని, ఇంట్లో మిగిలిన సీసాను అదే రోజు తీసి పారేయాలి.